ఫైల్ సర్వర్‌కి డిస్క్ కంట్రోలర్ ఎంచుకోవడం ఎలా: లెక్క వేసుకోవడం నుంచి డేటా ఎక్కించేదాకా

ఫైల్ సర్వర్ కట్టేవాళ్లు ఏ డిస్క్ కొనాలో వారాల తరబడి చూస్తారు. ఆ డిస్కులన్నిటినీ మదర్‌బోర్డుకి కలిపే కార్డు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. పోర్టులు సరిపోతే చాలనుకుని ఏదో ఒకటి కొనేస్తారు. కొన్నాళ్లకి ఒక డిస్క్ పోయి, రీబిల్డ్ (పోయిన డిస్క్‌లోని డేటాని కొత్త డిస్క్ మీద మళ్లీ తయారుచేయడం) మధ్యలో రెండోది కూడా మాయమైతే అప్పుడు మొదలవుతుంది టెన్షన్. తీరా చూస్తే చాలాసార్లు ఆ రెండో డిస్క్ భేషుగ్గా ఉంటుంది. చేతులెత్తేసింది కార్డో, దాని కేబులో.

ఏ కార్డు గురించి అడిగినా నా ఎదురు ప్రశ్న ఒకటే: రేపు ఇది కాలిపోతే, డిస్కులు ఊడదీసి వేరే మెషిన్‌లో పెట్టి డేటా చదవగలరా? చదవగలనని నమ్మకంగా చెప్పగలిగితే సగం పని అయినట్టే. కింద చెప్పేదంతా ఆ నమ్మకం తెచ్చుకోవడానికే.

బ్యాకప్ ఉందనే అనుకుని రాస్తున్నాను. లేకపోతే కార్డు సంగతి పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

## 1. కొనే ముందు కాగితం మీద రాసుకోండి

☐ ఇప్పుడు ఎన్ని డిస్కులు, మూడేళ్లలో ఎన్ని అవుతాయి

☐ డిస్కులు సాటావా (మామూలు డిస్కుల కనెక్షన్), సాస్‌వా (సర్వర్ డిస్కుల కనెక్షన్). సాస్ కంట్రోలర్‌కి సాటా డిస్క్ పెట్టొచ్చు. సాటా పోర్టుకి సాస్ డిస్క్ పనికిరాదు, అసలు కనెక్టరే పట్టదు

☐ మదర్‌బోర్డులో ఎన్ని సాటా పోర్టులున్నాయి, ఎం.2 ఎస్ఎస్‌డీ పెడితే వాటిలో ఏవి ఆగిపోతాయి

☐ ఖాళీ స్లాట్ పొడవెంత, అందులో నిజంగా ఎన్ని పీసీఐఈ లేన్లు (డేటా వెళ్లే దారులు) ఉన్నాయి

☐ ఏ ఆపరేటింగ్ సిస్టమ్, రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులని కలిపి వాడడం) ఎవరు చేస్తారు

మూడో గడి, నాలుగో గడి చాలామంది వదిలేస్తారు. ఎన్నో బోర్డుల్లో ఎం.2 స్లాట్, ఒకటి రెండు సాటా పోర్టులు ఒకే దారి పంచుకుంటాయి. ఎస్ఎస్‌డీ పెట్టగానే ఐదు, ఆరు నంబర్ పోర్టులు చచ్చిపోతాయి, డిస్క్ పాడైందేమోనని ఓ సాయంత్రమంతా తలబాదుకుంటారు. స్లాట్ కూడా అంతే. చూడ్డానికి ఎక్స్16 (16 లేన్ల) పొడవున్నా లోపల ఎక్స్4 తీగలే ఉండొచ్చు. మదర్‌బోర్డు మాన్యువల్ తెరిచి ఆ పేజీ చదివాకే ముందుకెళ్లండి.

లెక్క తేలాక బోర్డు మీదున్న పోర్టులే సరిపోతే ఏ కార్డూ కొనకండి. ఇంటెల్, ఏఎండీ చిప్‌సెట్లలో ఉండే సాటా పోర్టులు ఏహెచ్‌సీఐ మోడ్‌లో (రెయిడ్ లేకుండా డిస్కులని విడివిడిగా చూపించే మోడ్) ఎంతో నమ్మకంగా పనిచేస్తాయి. నాలుగు, ఆరు డిస్కుల సర్వర్‌కి అంతకన్నా మంచి కంట్రోలర్ లేదు.

## 2. రెయిడ్ ఎవరు చేస్తారో తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. దారులు మూడు.

ఆపరేటింగ్ సిస్టమే చేయడం. జెడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్ కూడా తనే చేసే ఫైల్ సిస్టమ్), లైనక్స్ ఎండీ రెయిడ్ లాంటివి. రెయిడ్ వివరాలన్నీ డిస్కుల మీదే, అందరికీ తెలిసిన ఫార్మాట్‌లో ఉంటాయి. డిస్కులు ఏ పోర్టుకి తగిలించినా, ఏ కార్డుకి తగిలించినా సిస్టమ్ వాటిని గుర్తుపట్టి కలిపేస్తుంది. ఇక్కడ మీకు కావాల్సింది డిస్కులని ఉన్నవి ఉన్నట్టుగా చూపించే కార్డు, అంటే హెచ్‌బీఏ.

హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు. లెక్కలన్నీ కార్డే చేస్తుంది. సిస్టమ్‌కి ఒకే పెద్ద డిస్క్ కనబడుతుంది. కార్డు పోతే చాలావరకు అదే కుటుంబానికి చెందిన ఇంకో కార్డు కావాలి.

మదర్‌బోర్డు బయాస్‌లో కనబడే రెయిడ్. పేరుకే రెయిడ్. పని చేసేది డ్రైవరు, ఫార్మాట్ మాత్రం ఆ కంపెనీది. రెండు వైపులా నష్టమే. బయాస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టేసి దీన్ని మర్చిపోండి.

ఇంటికైనా ఆఫీసుకైనా కొత్తగా కట్టే ఫైల్ సర్వర్‌కి నేను మొదటి దారే చెప్తాను. హార్డ్‌వేర్ రెయిడ్‌ని తీసిపారేయడం లేదు. సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేని హైపర్‌వైజర్ల (వర్చువల్ మెషిన్లు నడిపే సిస్టమ్‌ల) కింద అది ఇప్పటికీ దిక్కు. కానీ ఆ దారిలో వెళ్తే ఈ నాలుగూ ఉండాలి:

☐ క్యాష్‌కి (డిస్క్ చేరే ముందు డేటా ఆగే కార్డు మెమరీకి) బ్యాటరీ గానీ, కెపాసిటర్‌తో పనిచేసే ఫ్లాష్ బ్యాకప్ గానీ

☐ బ్యాటరీ బలహీనపడగానే రైట్-బ్యాక్ (క్యాష్‌లో పడగానే రాసేశామని చెప్పడం) నుంచి రైట్-త్రూకి (డిస్క్ చేరాకే చెప్పడం) దానంతటదే మారే సెట్టింగ్

☐ డిస్కుల సొంత రైట్ క్యాష్ ఆఫ్

☐ అల్మారాలో అదే మోడల్ కార్డు ఇంకోటి, అదే ఫర్మ్‌వేర్‌తో (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్)

బ్యాటరీ లేకుండా రైట్-బ్యాక్ పెడితే వేగం చూసి మురిసిపోతారు. కరెంటు పోయిన రోజు, రాసేశామని కార్డు చెప్పిన డేటా అసలు డిస్క్ చేరి ఉండదు.

ఇక అందరూ చేసే తప్పు ఒకటుంది. చేతిలో రెయిడ్ కార్డు ఉంది, జెడ్‌ఎఫ్‌ఎస్ వాడాలని ఉంది. ఒక్కో డిస్క్‌ని ఒక్కో రెయిడ్ 0గా (ఒకే డిస్క్ ఉన్న రెయిడ్‌గా) చేసి పైన జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టేస్తారు. మొదటి రోజు పనిచేస్తుంది. తర్వాత స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే రిపోర్టు) మామూలుగా కనబడవు. డిస్క్ మార్చినప్పుడల్లా కార్డు మెనూలోకి వెళ్లి కొత్త రెయిడ్ 0 చేయాలి. డిస్క్ మీద కార్డు తన సొంత రాతలు పెట్టుకుంటుంది కాబట్టి వేరే కంట్రోలర్‌కి తగిలిస్తే చదవొచ్చు, చదవకపోవచ్చు. నా మొదటి ప్రశ్నకి "ఏమో" అనే జవాబు వచ్చే ఏర్పాటు ఇది. కార్డుకి హెచ్‌బీఏ మోడ్ ఉంటే అందులోకి మార్చండి, లేదా కార్డే మార్చండి.

## 3. దారి వెడల్పు లెక్కేయండి

నెట్‌వర్క్ ఒక గిగాబిట్టే కదా, కార్డు వేగంతో పనేముంది అంటారు. మామూలు రోజున నిజమే. కానీ స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడడం), రీబిల్డ్ జరిగేటప్పుడు డిస్కులన్నీ ఒకేసారి మొదటి నుంచి చివరిదాకా చదవబడతాయి. లెక్క ఆ రోజుకి వేయాలి.

పీసీఐఈ లేన్ ఒక్కోటి సెకనుకి మోసేది, కాగితం మీద:

- 2.0 అయితే 500 ఎంబీ
- 3.0 అయితే దాదాపు 985 ఎంబీ
- 4.0 అయితే దాదాపు 1,970 ఎంబీ

ఉదాహరణ చూద్దాం. ఎనిమిది డిస్కులు, ఒక్కోటి 16 టీబీ. బయటి ట్రాకుల్లో ఒక్కో డిస్క్ సెకనుకి 250 ఎంబీ దాకా ఇస్తుంది, సగటున 200 అనుకుందాం. వీటిని పీసీఐఈ 2.0 ఎక్స్1 కార్డుకి తగిలిస్తే ఉన్న 500 ఎంబీని ఎనిమిది మంది పంచుకోవాలి. ఒక్కొక్కరికి 62. ఆ లెక్కన 16 టీబీ చదవడానికి 71 గంటలు. అదే ఎక్స్8 కార్డైతే డిస్కులు వాటి సొంత వేగంతో నడిచి 22 గంటల్లో తేలుస్తాయి.

మూడు రోజుల రీబిల్డ్ అంటే, ఒక డిస్క్ పోయిన స్థితిలో మూడు రోజులు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం. వేగం ఇక్కడ భద్రత కిందే లెక్క.

## 4. పెట్టె మీద పేరు కాదు, చిప్ చూసి కొనండి

హెచ్‌బీఏ లోకంలో ఎక్కువగా కనబడేవి ఎల్ఎస్ఐ చిప్‌లు. ఆ కంపెనీని 2014లో అవాగో కొంది. అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ని కొని ఆ పేరే పెట్టుకుంది. అందుకే ఒకే కార్డు మీద మూడు పేర్లలో ఏదైనా ఉండొచ్చు. పెద్ద సర్వర్ కంపెనీలు వాళ్ల స్టిక్కర్ వేసి అమ్మినవీ లోపల ఇవే.

- సాస్1068ఈ: ఎంత చవకగా వచ్చినా వద్దు. 2 టీబీ దాటిన డిస్క్‌ని పూర్తిగా చూడలేదు.
- సాస్2008 (9211-8ఐ): పీసీఐఈ 2.0 ఎక్స్8, ఎనిమిది పోర్టులు. హార్డ్ డిస్కులకి ఇప్పటికీ చాలు. అయితే రెడ్‌హ్యాట్ లైనక్స్ 8 నుంచి, వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్ఐ 7.0 నుంచి దీనికి మద్దతు తీసేశారు. మీ సిస్టమ్ ఏదో ముందే చూసుకోండి.
- సాస్2308 (9207-8ఐ): దాదాపు అదే, పీసీఐఈ 3.0 మీద.
- సాస్3008 (9300-8ఐ): పీసీఐఈ 3.0 ఎక్స్8, 12 గిగాబిట్ సాస్. ఏదో ఒకటి చెప్పమంటే నేను చెప్పేది ఇదే.
- 9400, 9500 వరస: కొత్తవి, ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే ఎస్ఎస్‌డీ) కూడా పడుతుంది. హార్డ్ డిస్కులు మాత్రమే ఉంటే అంత అవసరం లేదు.

రెండు, మూడు పోర్టులే తక్కువ పడితే సాస్ కార్డు దాకా పోనక్కర్లేదు. ఏఎస్‌ఎం1166 (ఆరు పోర్టులు), జేఎంబీ585 (ఐదు పోర్టులు) చిప్‌లున్న సాటా కార్డులు పీసీఐఈ 3.0 ఎక్స్2 మీద నడుస్తాయి. కరెంటు తక్కువ తింటాయి. మార్వెల్ 88ఎస్‌ఈ92 వరస చిప్‌లకి ఐఓఎంఎంయూ (పరికరాలు మెమరీని వాడే తీరుని అదుపు చేసే ఏర్పాటు) ఆన్ చేసినప్పుడు ఇబ్బంది ఉండేది. లైనక్స్ కెర్నెల్‌లో వాటికోసం ప్రత్యేకంగా సవరణలు పెట్టాల్సి వచ్చింది. కొత్తగా కొనేటప్పుడు పక్కన పెట్టడమే మేలు.

చిన్న ఎక్స్1 కార్డు మీద 16, 20 సాటా పోర్టులు వరసగా కనిపిస్తే ఆశపడకండి. ఒక చిన్న కంట్రోలర్ కింద పోర్ట్ మల్టిప్లయర్లు (ఒక పోర్టుని చాలా డిస్కులకి పంచే చిప్‌లు) తగిలించి తయారు చేసినవి అవి. ఒక డిస్క్ మొరాయిస్తే దాని పక్కనున్న నాలుగూ కలిసి పడిపోతాయి. ఎక్కువ డిస్కులు కావాలంటే సాస్ హెచ్‌బీఏకి సాస్ ఎక్స్‌పాండర్ (పోర్టుల సంఖ్య పెంచేది) కలపండి. యూఎస్‌బీ పెట్టెలో రెయిడ్ డిస్కులు పెట్టడం గురించి అడగనే వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే నకిలీలు కూడా ఉంటాయి. కార్డు వెనక సాస్ అడ్రస్ (ఒక్కో కార్డుకి ఉండే ప్రత్యేక నంబర్) స్టిక్కర్ ఉందో లేదో, ఫర్మ్‌వేర్ చూపించే అడ్రస్ దానితో కలుస్తుందో లేదో చూడండి. అడ్రస్ అన్నీ సున్నాలుగా వస్తే అనుమానించాల్సిందే.

మిర్రర్ జతలు (ఒకే డేటా రెండు డిస్కుల మీద) వాడేవాళ్లకి ఒక చిట్కా: ప్రతి జతలో ఒక డిస్క్ బోర్డు పోర్టుకి, ఇంకోటి కార్డుకి తగిలించండి. కార్డు పోయినా సర్వర్ ఆగదు.

## 5. ఫర్మ్‌వేర్ సరిచేయండి

సాస్2008, 2308, 3008 కార్డులు ఐఆర్, ఐటీ అని రెండు రకాల ఫర్మ్‌వేర్‌తో వస్తాయి. ఐఆర్‌లో చిన్నపాటి రెయిడ్ ఉంటుంది. ఐటీ అయితే డిస్కులని నేరుగా ఇచ్చేస్తుంది. మనకి కావాల్సింది ఐటీ. సాస్2 కార్డులకి (2008, 2308) 20.00.07.00 వాడండి. 20 వరసలో మొదట వచ్చిన వెర్షన్లు ఇబ్బంది పెట్టాయి. సాస్3 కార్డైన 3008కి 16 వరస.

ఎక్కించే క్రమం:

1. స్టిక్కర్ మీదున్న సాస్ అడ్రస్ రాసుకోండి.
2. డిస్కులన్నీ ఊడదీయండి. మెషిన్‌లో ఈ ఒక్క కార్డే ఉండాలి.
3. వీలైతే యూపీఎస్ మీద నడపండి.
4. ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ వివరాలు ఫోటో తీసుకోండి.
5. సాస్2 కార్డుకి సాస్2ఫ్లాష్, సాస్3 కార్డుకి సాస్3ఫ్లాష్ టూల్‌తో ఎక్కించండి.
6. ఈ కార్డు నుంచి బూట్ చేయడం లేదంటే బూట్ రోమ్ ఎక్కించకండి. స్టార్టప్ త్వరగా అవుతుంది.
7. రీబూట్ చేసి వెర్షన్, సాస్ అడ్రస్ రెండూ సరిచూడండి.

పాత ఫర్మ్‌వేర్ చెరిపాక, కొత్తది ఎక్కే ముందు రీబూట్ చేయకండి. కార్డు మళ్లీ లేవకపోవచ్చు.

## 6. గాలి, కేబుళ్లు

ఈ కార్డులు గాలి హోరున వీచే సర్వర్ పెట్టెల కోసం చేసినవి. 9211-8ఐ స్పెసిఫికేషన్‌లో నిమిషానికి 200 అడుగుల గాలి ప్రవాహం ఉండాలని ఉంది. మామూలు డెస్క్‌టాప్ కేస్‌లో కింది స్లాట్‌లో ఆ గాలి ఎక్కడిది? లోడ్ మీద ఉన్నప్పుడు హీట్‌సింక్‌కి వేలు ఆనించండి. రెండు సెకన్లు కూడా ఉంచలేకపోతే ఫ్యాన్ పెట్టాల్సిందే. 40 ఎంఎం ఫ్యాన్‌ని హీట్‌సింక్ రెక్కల మధ్య స్క్రూలతో బిగించినా చాలు. పాత కార్డైతే హీట్‌సింక్ తీసి, ఎండి సుద్దలా మారిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూయండి.

కేబుళ్లలో ముందు కనెక్టర్ చూసుకోండి. సాస్2 కార్డులకి సాధారణంగా ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087, సాస్3008 కార్డులకి ఎస్‌ఎఫ్‌ఎఫ్-8643. ఒక చివర ఇది, ఇంకో చివర నాలుగు సాటా తలలు ఉండే కేబుల్‌లో ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలున్నాయి. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. కార్డు నుంచి డిస్కులకి వెళ్లేది ఫార్వర్డ్. రివర్స్ తగిలిస్తే ఒక్క డిస్క్ కూడా కనబడదు, ఏ ఎర్రర్ కూడా రాదు. సాటా కేబుల్ మీటరు దాటకూడదు.

కేబుల్ విషయంలో నేనూ దెబ్బతిన్నవాణ్ణే. ఒక సర్వర్‌లో మూడో బే (డిస్క్ పెట్టే గది) డిస్క్ నెలకోసారి రాలిపోయేది. డిస్క్ మార్చాను, మళ్లీ అదే. ఇంకో డిస్క్ మార్చాను. అప్పుడు గానీ స్మార్ట్ రిపోర్టులో 199వ నంబర్ వైపు చూడలేదు. యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అది, దారిలో డేటా చెడిపోయిన ప్రతిసారీ పెరుగుతుంది. కేస్ మూత మూసినప్పుడల్లా కేబుల్ మెడ దగ్గర నలుగుతోంది. కేబుల్ మార్చి, వంపు తగ్గించాక ఆ అంకె కదల్లేదు. రెండు మంచి డిస్కులు అనవసరంగా బయటికి వెళ్లాయి.

## 7. డిస్క్, కంట్రోలర్ ఓపికలు కలపండి

చెడ్డ సెక్టర్ తగిలితే మామూలు డెస్క్‌టాప్ డిస్క్ నిమిషానికి పైగా దానితోనే కుస్తీ పడుతుంది. లైనక్స్ మాత్రం మామూలుగా 30 సెకన్లే ఆగి, డిస్క్ పోయిందనుకుని లింక్‌ని రీసెట్ చేస్తుంది. ఒక సెక్టర్ కోసం డిస్క్ మొత్తం రెయిడ్ నుంచి బయటికి పోతుంది.

స్మార్ట్‌సీటీఎల్ టూల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చెడ్డ సెక్టర్ దగ్గర డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే సెట్టింగ్) విలువ చూడండి. నాస్ (ఫైల్ సర్వర్ల కోసం చేసిన) డిస్కుల్లో సాధారణంగా 70 ఉంటుంది, అంటే 7 సెకన్లు. ఆఫ్‌లో ఉంటే 70 పెట్టండి. చాలా డిస్కుల్లో రీబూట్ అయ్యాక పోతుంది కాబట్టి స్టార్టప్ స్క్రిప్ట్‌లో చేర్చండి. డిస్క్ అసలు ఒప్పుకోకపోతే సిస్టమ్ వైపు టైమౌట్‌ని 180 సెకన్లకి పెంచండి.

## 8. డేటా ఎక్కించే ముందు పరీక్ష

ఓ వారం పడుతుంది. తొందరపడకండి.

☐ ఎల్ఎస్‌పీసీఐ (లైనక్స్‌లో పీసీఐఈ కార్డుల వివరాలు చూపే కమాండ్) వివరమైన అవుట్‌పుట్‌లో లింక్ కేపబిలిటీ, లింక్ స్టేటస్ పక్కపక్కన చూడండి. ఎక్స్8 కార్డు ఎక్స్4గా నడుస్తుంటే స్లాట్ తప్పు, లేదా కార్డు సరిగా కూర్చోలేదు

☐ ప్రతి డిస్క్‌కీ స్మార్ట్ లాంగ్ టెస్ట్

☐ అన్ని డిస్కులనీ ఒకేసారి మొదటి నుంచి చివరిదాకా చదివించండి. ఆ సమయంలో కెర్నెల్ లాగ్‌లో రీసెట్ అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు

☐ తర్వాత 199వ నంబర్ మళ్లీ చూడండి, పెరగకూడదు

☐ పరీక్షకి చిన్న పూల్ (డిస్కులు కలిపి చేసిన స్టోరేజ్) చేసి, కొన్ని ఫైళ్లు పెట్టి, నడుస్తుండగా ఒక డిస్క్ లాగేయండి. హెచ్చరిక మెయిల్ మీకు చేరిందా? హాట్ ప్లగ్ బే లేకపోతే ఈ పని చేయకండి, ఆ డిస్క్‌ని సాఫ్ట్‌వేర్ నుంచి ఆఫ్‌లైన్ చేసి చూడండి

☐ సర్వర్ ఆపి, డిస్కుల పోర్టులు కలగాపులగం చేసి మళ్లీ పెట్టండి. పూల్ మామూలుగా లేవాలి

☐ చివరిది: ఆ డిస్కులని వేరే మెషిన్‌కి, వేరే కంట్రోలర్‌కి తగిలించి ఫైళ్లు తెరవండి

ఆఖరి గడి దగ్గర అందరూ బద్ధకిస్తారు. మొదట్లో నేనడిగిన ప్రశ్నకి నోటి మాట కాకుండా నిజమైన జవాబు దొరికేది అక్కడే.

పూల్ చేసేటప్పుడు డిస్కులకి లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు వాడకండి. అవి రీబూట్‌కి మారిపోతాయి. డిస్క్ సీరియల్ నంబర్ ఉండే బై-ఐడీ పేర్లు వాడండి. సీరియల్‌లో చివరి నాలుగు అంకెలు చిన్న చీటీ మీద రాసి ప్రతి ట్రే ముందు అంటించండి. అర్ధరాత్రి పాడైన డిస్క్ బదులు మంచి డిస్క్ లాగకుండా కాపాడేది ఆ చీటీయే.

## 9. తరచూ వచ్చే సమస్యలు, మందులు

ఒకే కేబుల్ మీదున్న నాలుగు డిస్కులు కలిసి పోయాయి. డిస్కులని అనుమానించకండి. కేబుల్, ఆ నాలుగింటికీ వెళ్లే పవర్ తీగ, కార్డు వేడి, ఆ వరసలో చూడండి.

వాడిన సాస్ డిస్క్ కనబడుతోంది కానీ సైజు రావడం లేదు. పెద్ద స్టోరేజ్ పెట్టెల నుంచి వచ్చిన డిస్కులు 520 బైట్ల సెక్టర్లతో ఫార్మాట్ అయి ఉండొచ్చు. ఎస్‌జీ ఫార్మాట్ టూల్‌తో 512కి మార్చండి. గంటలు పడుతుంది, మధ్యలో ఆపకండి. లోపలున్నదంతా పోతుంది.

హెచ్‌బీఏ మీద సాటా ఎస్ఎస్‌డీకి ట్రిమ్ (ఖాళీ అయిన చోటు గురించి ఎస్ఎస్‌డీకి చెప్పే కమాండ్) పనిచేయడం లేదు. సాస్ హెచ్‌బీఏలు అన్ని ఎస్ఎస్‌డీలకీ ట్రిమ్ పంపవు. దాన్ని బోర్డు సాటా పోర్టుకి మార్చండి.

వర్చువల్ మెషిన్‌లో ఫైల్ సర్వర్ నడుపుతున్నాను. డిస్కులని విడివిడిగా ఇవ్వకండి. మొత్తం హెచ్‌బీఏనే పాస్‌త్రూ చేయండి (నేరుగా ఆ మెషిన్‌కి అప్పగించండి).

రెయిడ్ కార్డు మార్చాక ఫారిన్ కాన్ఫిగరేషన్ (వేరే కార్డు రాసిన రెయిడ్ వివరాలు) అని అడుగుతోంది. ఇంపోర్ట్, క్లియర్ అని రెండు కనబడతాయి. ముందు డిస్కులన్నీ కనబడుతున్నాయో లేదో చూసి ఇంపోర్ట్ నొక్కండి. కంగారులో క్లియర్ నొక్కితే డిస్కుల మీదున్న రెయిడ్ వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి.

స్క్రబ్ రోజున మాత్రమే ఎర్రర్లు. ముందు కార్డుకి ఫ్యాన్ పెట్టి మళ్లీ స్క్రబ్ నడపండి. తగ్గకపోతే పవర్ సప్లై వైపు చూడండి.

## 10. సర్వర్ పక్కన పెట్టుకోవాల్సిన డబ్బా

☐ పరీక్షించిన కేబుల్ ఒకటి

☐ ఐటీ ఫర్మ్‌వేర్ ఎక్కించి ఉంచిన ఇంకో కార్డు. వాడినదైనా పర్వాలేదు

☐ ఖాళీ డిస్క్ ఒకటి, కనీసం అంతే సైజుది

☐ ఏ బేలో ఏ సీరియల్, ఏ పోర్టుకి వెళ్తోందో రాసిన కాగితం

☐ ఫర్మ్‌వేర్ ఫైలు, ఫ్లాష్ టూల్ ఉన్న పెన్‌డ్రైవ్

కాగితాన్ని సర్వర్‌లో సేవ్ చేసుకుని ఊరుకున్నవాళ్లని చూశాను. ప్రింట్ తీసి డబ్బాలో పెట్టండి.